కవి సమ్మేళనం

ఉగాది సాయంత్రం. పంచాంగ శ్రవణం ముగిసింది. చిన్నా పెద్దా అందరూ ఉగాది పచ్చడి తిన్నారు. వేదిక మీద కుర్చీలు వరసగా వేశారు. వెనక కట్టిన గుడ్డ మీద ‘ఉగాది కవి సమ్మేళనం’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ముందు వరసల్లో పెద్దలు కూర్చున్నారు. జంపఖానా మీద పిల్లలు సర్దుకుంటున్నారు. బెంగళూరులోనైనా, చెన్నైలోనైనా, బరంపురంలోనైనా, సోలాపూరులోనైనా, యానాంలోనైనా తెలుగువారు పదిమంది కలిసి ఉగాది జరుపుకొనే చోట ఇలాంటి దృశ్యం కనిపిస్తుంది.

సమ్మేళనం అంటే కలయిక. పలువురు కవులు ఒకచోట కలిసి, తాము రాసిన కవితలను శ్రోతల ముందు చదివే సభను కవి సమ్మేళనం అంటారు. దీనికి ఒక అధ్యక్షుడు ఉంటారు. ఆయన ఒక్కొక్క కవిని సభకు పరిచయం చేసి పిలుస్తారు. కవి లేచి మైకు ముందుకు వచ్చి, సభకు నమస్కరించి, కవిత పేరు చెప్పి చదువుతాడు. సాధారణంగా ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాల సమయం ఇస్తారు. కొందరు పద్యం రాగయుక్తంగా పాడతారు. కొందరు వచన కవితను మాట్లాడినట్లు చదువుతారు. చివర అధ్యక్షుడు తన కవితను వినిపించి, విన్నవాటిని గురించి నాలుగు మాటలు చెబుతారు. కవులకు శాలువా కప్పి సత్కరించడంతో సభ ముగుస్తుంది.

కవిత అచ్చులో దొరుకుతుంది. ఎవరికి వారు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. అలాంటప్పుడు ఇంతమంది ఒకచోట చేరి వినడం ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం తెలుగు కవిత్వం నడిచి వచ్చిన దారిలోనే ఉంది.

అచ్చుయంత్రం రాకముందు పుస్తకాలు తాటాకుల మీద ఉండేవి. ఒక గ్రంథానికి ప్రతులు కొద్దిగానే ఉండేవి. చదవడం వచ్చినవారు కూడా తక్కువే. అందువల్ల కవిత్వం ఎక్కువమందికి చేరింది చెవి ద్వారానే. కవి నోటితో చెబితే సభ విన్నది. విన్నవారు కంఠస్థం చేసి మరొకరికి చెప్పారు. పద్యానికి ఉన్న నియమాలు కూడా చెవికి, జ్ఞాపకానికి తోడ్పడేవే. ఉత్పలమాలలో ప్రతి పాదానికి ఇరవై అక్షరాలు ఉంటాయి. మొదటి అక్షరానికి పదో అక్షరంతో యతి మైత్రి కుదరాలి. ప్రతి పాదంలోను రెండో అక్షరం ఒకే హల్లుగా ఉండాలి. దాన్ని ప్రాస అంటారు. కాగితం మీద చూస్తే ఇవి లెక్కల్లాగా కనబడతాయి. గొంతెత్తి చదివితే అవే పద్యానికి తూగును ఇస్తాయి. ఒక పాదం మరచిపోయినవారికి ప్రాస అక్షరం ఆ పాదాన్ని గుర్తుచేస్తుంది. యతి స్థానం గొంతు ఎక్కడ నిలబడాలో సూచిస్తుంది.

పూర్వం కవి తన కావ్యాన్ని వినిపించే పెద్ద వేదిక రాజాస్థానం. నేటి కర్ణాటకలోని హంపీ, ఒకప్పటి విజయనగర సామ్రాజ్యానికి రాజధాని. అక్కడ 1509 నుండి 1529 వరకు పరిపాలించిన శ్రీకృష్ణదేవరాయల సభకు భువనవిజయం అని పేరు. ఆ సభలో అల్లసాని పెద్దన, నంది తిమ్మన, ధూర్జటి వంటి కవులు ఉండేవారు. రాయలు తాను కూడా కవి. తెలుగులో ‘ఆముక్తమాల్యద’ రచించాడు. ఆయన సంస్కృతంలో రాసిన ‘జాంబవతీ కల్యాణం’ నాటకాన్ని విరూపాక్షస్వామి వసంతోత్సవానికి వచ్చిన జనం ముందు ప్రదర్శించారు. ఉత్సవానికీ సాహిత్యానికీ గల చుట్టరికం ఈనాటిది కాదు.

భువనవిజయాన్ని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఒకనాడు రాయలు బంగారు పళ్ళెంలో గండపెండేరాన్ని పెట్టించి సభలోకి తెప్పించాడు. గండపెండేరం అంటే వీరులకు, పండితులకు గౌరవ సూచకంగా కాలికి తొడిగే కడియం. సంస్కృతంలోను, తెలుగులోను సమానంగా ఆశువుగా కవిత చెప్పగలవారు దీన్ని అందుకోవచ్చునని రాయలు ప్రకటించాడు. సభ నిశ్శబ్దమైపోయింది. చివరికి పెద్దన లేచి ఉత్పలమాలికను ధారగా చదివాడు. రాయలు సింహాసనం దిగి వచ్చి, స్వయంగా పెద్దన పాదానికి గండపెండేరం తొడిగాడట. ఇది ఉన్నదున్నట్లు జరిగిందో లేదో చెప్పలేం. కాని రాజు కవి పాదాన్ని తాకాడని చెప్పుకోవడంలో తెలుగువారు కవికి ఇచ్చిన స్థానం తెలుస్తుంది.

విజయనగరం తరువాత తెలుగు కవిత్వానికి తంజావూరు పెద్ద నెలవు అయింది. తమిళదేశం నడుమ నాయకరాజులు తెలుగు కవులను ఆదరించారు. రఘునాథ నాయకుని ఆస్థానంలో రామభద్రాంబ, మధురవాణి అనే విదుషీమణులు ఉండేవారు. ఆయన కుమారుడు విజయరాఘవ నాయకుని కొలువులో రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రచించి కనకాభిషేకం పొందింది. కవిని కూర్చోబెట్టి బంగారు నాణేలతో అభిషేకించడమే కనకాభిషేకం. పురుషులే ఎక్కువగా కనిపించే పండిత సభలో ఒక స్త్రీకి అంతటి గౌరవం దక్కడం గుర్తుంచుకోదగిన విషయం. ఆనాటి తెలుగు తాళపత్రాలు ఎన్నో ఇప్పటికీ తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో ఉన్నాయి.

రాజ్యాలు పోయాయి. కవులు రాజసభలు వదలి జమీందారుల ఇళ్ళకు, ఆ తరువాత ఊరి నడుమ పందిళ్ళలోకి వచ్చారు. ఈ మార్పులో అవధానానికి ముఖ్యమైన స్థానం ఉంది. అష్టావధానంలో ఒక కవి చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. పృచ్ఛకుడు అంటే ప్రశ్నించేవాడు. ఒకరు పొంతన లేని పాదం ఒకటి ఇచ్చి పద్యం పూర్తిచేయమంటారు. ఇది సమస్య. మరొకరు నాలుగు మాటలు ఇచ్చి వాటిని పద్యంలో ఇమడ్చమంటారు. ఇది దత్తపది. నిషిద్ధాక్షరి అడిగేవారు అడుగడుగునా ఒక అక్షరాన్ని వాడకూడదంటారు. ఇంకొకరు మధ్యమధ్య గంట కొడుతుంటారు. ఎన్ని గంటలు కొట్టారో అవధాని చివర చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం చేసేవారు సంబంధం లేని కబుర్లతో ఆయన దృష్టి మళ్ళించడానికి ప్రయత్నిస్తారు. ఆయన చమత్కారంగా బదులిస్తుంటే సభ నవ్వుతుంది. అన్నిటికీ చివర, అప్పటిదాకా చెప్పిన పద్యాలన్నిటినీ అవధాని కాగితం చూడకుండా అప్పగిస్తాడు. దీన్ని ధారణ అంటారు.

ఈ విద్యను ఊరూరా ప్రచారం చేసినవారిలో తిరుపతి వేంకట కవులు ప్రసిద్ధులు. వీరు ఇద్దరు: దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి. చెళ్ళపిళ్ళ వారు 1870లో గోదావరి ప్రాంతంలోని కడియంలో జన్మించారు. బాల్యంలో కొంతకాలం యానాంలో చదువుకున్నారు. అప్పుడు యానాం ఫ్రెంచివారి పాలనలో ఉండేది. ఈ జంటకవులు సంస్థానాలు, పట్టణాలు, పల్లెలు తిరిగి శతావధానాలు చేశారు. సామాన్య ప్రజలు కూడా పద్యం వినడానికి పందిళ్ళకు వచ్చారు. 1949లో మద్రాసు ప్రభుత్వం చెళ్ళపిళ్ళ వారిని ఆస్థానకవిగా నియమించింది.

అయితే పందిరి ఊరి నడుమకు వచ్చినంత మాత్రాన అందరికీ అందులో చోటు దొరకలేదు. ఈ మాట గుర్రం జాషువా జీవితాన్ని చూస్తే తెలుస్తుంది.

జాషువా 1895 సెప్టెంబరు 28న గుంటూరు సీమలోని వినుకొండలో జన్మించారు. అప్పటి సంఘం ఆయనను అంటరానివాడన్నది. చదువుకునే రోజుల్లోనే ఆయనకు ఎన్నో అవమానాలు ఎదురయ్యాయి. సంస్కృతం నేర్చుకోవడానికి పూనుకొంటే, ఆ భాష నీకెందుకని అడ్డుపడినవారు ఉన్నారు. ఆయన పట్టు విడవలేదు. బతుకుతెరువు కోసం రాజమండ్రిలో కొంతకాలం ఒక విచిత్రమైన ఉద్యోగం చేశారు. అవి మూగ సినిమాల రోజులు. తెర మీద బొమ్మలు కదిలేవి గాని మాటలు వినిపించేవి కావు. తెర పక్కన ఒక మనిషి నిలబడి కథను, పాత్రల సంభాషణలను బిగ్గరగా చదివేవాడు. జాషువా ఆ పని చేశారు. కనిపించని మనిషి గొంతు వందలమందిని కథలోకి ఎలా తీసుకుపోగలదో ఆయనకు అక్కడ అనుభవంలోకి వచ్చి ఉంటుంది.

యువకుడిగా ఉన్నప్పుడు ఒకసారి వినుకొండలో అవధాన సభ జరిగింది. జాషువా కూడా అందులో పాల్గొన్నారు. ఆయన కవిత్వం ఎలా ఉందని అడగవలసినవారిలో కొందరు, ఇతన్ని సభలోకి ఎందుకు రానిచ్చారని అడిగారు. స్వంత ఊళ్ళో, పదిమంది ముందు జరిగిన అవమానం అది. సభలో కవి నిలబడితే వినవలసింది కవిత. ఆ రోజు ఆ కొందరు చూసింది కులాన్ని.

జాషువా వెనుదిరగలేదు. రాస్తూనే ఉన్నారు, సభల్లో చదువుతూనే ఉన్నారు. 1941లో ‘గబ్బిలం’ ప్రచురించారు. కాళిదాసు ‘మేఘదూతం’లో యక్షుడు మేఘంతో సందేశం పంపుతాడు. జాషువా కావ్యంలో ఒక పేద అస్పృశ్యుడు గబ్బిలంతో కాశీ విశ్వనాథునికి తన బాధ చెప్పి పంపుతాడు. గుడిలోకి ఆ మనిషికి ప్రవేశం లేదు. గబ్బిలాన్ని మాత్రం ఎవరూ ఆపరు. అందుకే దాన్ని దూతగా ఎంచుకున్నాడు. తన మాట వినేవారి దగ్గరకు చేరే దారి లేని మనిషి కథ అది. సభలో అడ్డగింపును చవిచూసిన కవికి ఆ బాధ బాగా తెలుసు.

జాషువా పద్యాలను ఆయన వెళ్ళని ఊళ్ళకు కూడా చేర్చినవారు నాటక కళాకారులు. ‘సత్య హరిశ్చంద్ర’ నాటకంలో కాటి సీను వచ్చినప్పుడు నటులు జాషువా రాసిన ‘శ్మశానవాటి’ పద్యాలను పాడేవారు. ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అని కేకలు వేసి మళ్ళీ మళ్ళీ పాడించుకొనేవారు. ఆ ప్రేక్షకుల్లో అక్షరం రానివారు ఎందరో. ఆ కవి పేరు తెలియనివారు కూడా ఆ పద్యాలను కంఠస్థం చేశారు. సభలోకి ఎందుకు రానిచ్చారని అడిగిన లోకం, ఆయన పద్యాన్ని తెల్లవార్లూ కూర్చుని విన్నది.

ఆ తరువాత మరొక సభ జరిగింది. దానికి వచ్చిన పెద్దకవి చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి. శతావధానిగా, ఎందరో కవులకు గురువుగా ఆయనకు తెలుగుదేశమంతటా పేరు ఉంది. ఆయన నిండు సభలో వంగి, తన చేతులతో జాషువా పాదానికి గండపెండేరం తొడిగారు. ఈ కవి పాదాన్ని తాకి తన జన్మను ధన్యం చేసుకొన్నానన్న భావం వచ్చేటట్లు మాట్లాడారు. పెద్దన పాదాన్ని రాయలు తాకాడన్నది కథ. జాషువా పాదాన్ని చెళ్ళపిళ్ళ వారు తాకడం ఈ కాలంలో జరిగింది. అంటరానితనాన్ని పాటించే సంఘంలో, పదిమంది చూస్తుండగా ఒక పండితుడు చేసిన ఆ పనికి ఎంతో అర్థం ఉంది. జాషువాకు 1964లో ‘క్రీస్తు చరిత్ర’ కావ్యానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ పురస్కారం లభించాయి. ఆయన 1971 జూలై 24న కన్నుమూశారు.

సభలో ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న ఒకటైతే, ఏ భాషలో మాట్లాడాలన్నది మరొకటి. పర్లాకిమిడి ఇప్పుడు ఒడిశాలో ఉంది. అక్కడ ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి ఈ రెండో ప్రశ్నను పట్టుకున్నారు. జనం మాట్లాడే వాడుక భాషలోనే చదువులు, రాతలు సాగాలని ఆయన జీవితాంతం వాదించారు. ఆయన మిత్రుడు గురజాడ అప్పారావు ‘ముత్యాల సరాలు’ అనే కొత్త నడకలో, అందరికీ తెలిసిన మాటలతో గేయాలు రాశారు. పండితుడు పక్కన కూర్చుని అర్థం చెప్పనవసరం లేకుండా, వింటూనే తెలిసే కవిత్వం సభలకు వచ్చింది.

దీని ఫలితం గుంటూరులో జరిగిన నవ్యసాహిత్య పరిషత్తు సభలో కనిపించింది. 1930 దశకం చివరి సంవత్సరాలవి. శ్రీశ్రీ అప్పటికి యువకుడు. ఆయన ‘కవితా! ఓ కవితా!’ అనే గేయాన్ని ఆ సభలో చదివారు. విన్నవారిలో విశ్వనాథ సత్యనారాయణ ఉన్నారు. ఇద్దరి దారులు వేరు. విశ్వనాథ సంప్రదాయాన్ని గాఢంగా నమ్మినవారు. శ్రీశ్రీ పాత పద్ధతులను కాదన్నవారు. అయినా ఆ గేయం విని విశ్వనాథ ఎంతో చలించి, యువకవిని అక్కున చేర్చుకొన్నారని, ఆ కవితలను తానే అచ్చు వేయిస్తానన్నారని చెబుతారు. ఆ గేయం ఉన్న ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వెలువడింది. అభిప్రాయాలు కలవకపోయినా కవితను విని మెచ్చుకోవచ్చునని ఈ సంఘటన తెలుపుతుంది. మంచి సభకు అది మొదటి లక్షణం.

రేడియో వచ్చాక సభకు గోడలు లేకుండా పోయాయి. మద్రాసు రేడియో కేంద్రం 1938లో, విజయవాడ కేంద్రం 1948లో ప్రారంభమయ్యాయి. ఉగాదినాడు రేడియోలో కవి సమ్మేళనం వినడం ఎన్నో ఇళ్ళలో ఆనవాయితీ అయింది. ఎదురుగా శ్రోతలు లేకుండా, మైకు ఒక్కటే ఉన్న గదిలో కవి కవిత చదవాలి. ముఖకవళికలు, చేతి సైగలు అక్కడ పనిచేయవు. గొంతు ఒక్కటే ఆధారం. జాషువా కూడా కొంతకాలం మద్రాసు రేడియో కేంద్రంలో పనిచేశారు.

1956 నుండి ఆకాశవాణి గణతంత్ర దినోత్సవ సందర్భంగా సర్వభాషా కవి సమ్మేళనం నిర్వహిస్తున్నది. అందులో దేశంలోని వేర్వేరు భాషల కవులు తమ తమ భాషల్లో కవితలు చదువుతారు. వాటి అనువాదాలను కూడా వినిపిస్తారు. మొదట మూలకవిత విన్నప్పుడు భాష తెలియనివారికి మాటల అర్థం తెలియదు. లయ మాత్రం తెలుస్తుంది. కోపమో, దుఃఖమో, వేడుకో గొంతులో పోల్చుకోవచ్చు. అనువాదం విన్నాక ఆ పోలిక సరిపోయిందో లేదో చూసుకోవచ్చు. పలు భాషలవారి నడుమ పెరిగే పిల్లలకు ఇది కొత్త అనుభవం కాదు.

మన ఇరుగుపొరుగు భాషల్లోను ఇలాంటి సభలు ఉన్నాయి. కన్నడంలో కవిగోష్ఠి అంటారు. మైసూరు దసరా ఉత్సవాల్లో కవిగోష్ఠి ఒక భాగం. తమిళంలో కవియరంగం అంటారు. మరాఠీ సాహిత్య సమ్మేళనాలు 1878లో పుణెలో మొదలయ్యాయి. ఉర్దూ కవుల సభ ముషాయిరా. హైదరాబాదులో ముషాయిరాలకు మంచి పేరు ఉంది. పూర్వం ముషాయిరాలో వంతు వచ్చిన కవి ముందు దీపం ఉంచేవారు. చిన్నవారు ముందు, పేరున్న పెద్దలు చివర చదివేవారు. చరణం నచ్చితే శ్రోతలు ‘వాహ్వా’ అంటారు. మళ్ళీ చదవమనడానికి ‘ముకర్రర్’ అంటారు. అక్కడ శ్రోత ఊరక కూర్చోడు. కవితో పాటు తాను కూడా సభను నడుపుతాడు.

ఇటీవల పెద్ద పట్టణాల్లో సాహిత్య ఉత్సవాలు జరుగుతున్నాయి. జైపూరులో 2006లో, హైదరాబాదులో 2010లో ఇవి ఆరంభమయ్యాయి. పలు దేశాల రచయితలు వీటికి వస్తారు. పుస్తకాల దుకాణాలు, చర్చలు, ప్రసంగాలతో పాటు కవితా పఠనం కూడా ఉంటుంది. పేర్లు మారినా అందులో జరిగేది పాతదే. ఒకరు నిలబడి చదువుతారు, పదిమంది వింటారు.

కవితను సభలో చదవడం నేర్చుకోదగిన విద్య. పుస్తకంలో అర్థంకాని పంక్తిని పాఠకుడు వెనక్కు వెళ్ళి మళ్ళీ చదువుకోగలడు. సభలో వినేవారికి ఆ వీలు లేదు. అందుకే కవి ముఖ్యమైన పాదాన్ని రెండుసార్లు చదువుతాడు. మాటను మింగకుండా పలుకుతాడు. అల్పప్రాణం, మహాప్రాణం తేడా వినబడాలి. ‘ళ’ను ‘ల’గా, ‘ణ’ను ‘న’గా పలికితే అర్థమే మారిపోవచ్చు. ‘కళ’ వేరు, ‘కల’ వేరు. పద్యమైతే పాదం చివరే ఆగాలన్న నియమం లేదు. అర్థం ఎక్కడ పూర్తయితే అక్కడ ఆగాలి. వచన కవితకు యతి ప్రాసలు లేవు కాబట్టి ఊపిరి, విరామం, గొంతు హెచ్చుతగ్గులు ఆ పని చేయాలి. ‘వాన రాలేదు’ అనే చిన్న వాక్యం చూడండి. మామూలుగా అంటే అది వార్త. చివరి మాటను సాగదీస్తే అది నిట్టూర్పు. గొంతు పైకి లేపితే అది ప్రశ్న. అక్షరాలు మారలేదు. గొంతు మారింది, అర్థం మారింది. మైకుకు మరీ దగ్గరగా నిలబడితే మాట గరగరలాడుతుంది. తొందరపడితే మంచి కవిత కూడా పాడైపోతుంది.

రాయలసీమ కవి పుట్టపర్తి నారాయణాచార్యులు ‘శివతాండవం’ గేయాన్ని సభల్లో చదివేవారు. ఆ పఠనాన్ని విన్నవారు ఎంతో మెచ్చుకొనేవారు. మాటల్లోని తాళం, గొంతులోని తాళం కలిసి శివుని నాట్యాన్ని చెవులకు చూపించేవి. గేయం అచ్చులో ఉన్నా, ఆయన నోట విన్నామని చెప్పుకోవడం చాలామందికి గర్వంగా ఉండేది.

చదివేవారికి ఉన్నట్లే వినేవారికీ కొన్ని బాధ్యతలు ఉన్నాయి. కవిత నడుమ లేచి వెళ్ళకూడదు. పక్కవారితో మాట్లాడకూడదు. పేరున్న కవి చదివి కూర్చోగానే సభ ఖాళీ చేయడం మర్యాద కాదు. మొదటిసారి వేదిక ఎక్కినవారి చేతిలో కాగితం వణుకుతుంది. అప్పుడు శ్రోతలు ఓపికగా వింటే ఆ వణుకు తగ్గుతుంది. జాషువాను అడ్డగించిన సభలోనూ మనుషులే ఉన్నారు, ఆయనను గౌరవించిన సభలోనూ మనుషులే ఉన్నారు. సభ ఎలాంటిదన్నది అందులో కూర్చున్నవారిని బట్టి ఉంటుంది.

తెలుగు నేల దాటి తరతరాలుగా ఉంటున్న తెలుగువారికి ఈ సభలతో మరొక ప్రయోజనం ఉంది. బజారులో ఒక భాష, కార్యాలయంలో ఒక భాష మాట్లాడుతూ ఉంటే ఇంటి భాష వంటింటి మాటల వరకే మిగిలిపోవచ్చు. పదిమంది ముందు నిలబడి తెలుగులో ఒక ఆలోచనను చక్కగా చెప్పే అవకాశం కవి సమ్మేళనం ఇస్తుంది. మన ఇంట్లో పలికే యాస, మన ప్రాంతపు మాటలు కూడా కవితలోకి రావచ్చు. వాటికి సిగ్గుపడనవసరం లేదు. హంపీలోను, తంజావూరులోను తెలుగు వెలిగినప్పుడు దాని చుట్టూ వేరే భాషలు ఉండనే ఉన్నాయి.

ఉగాది సభ ముగియవచ్చింది. కవులంతా చదివారు. చివర అధ్యక్షుడు జంపఖానా వైపు చూసి, పిల్లల్లో ఎవరైనా చదువుతారా అని అడుగుతారు. ఒక అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని లేస్తుంది. మైకు ఎత్తు తగ్గిస్తారు. సభ మాటలు ఆపి ఆమె వైపు తిరుగుతుంది.

ప్రశ్నలు

1. కవి సమ్మేళనం అంటే ఏమిటి? అది ఎలా జరుగుతుందో రాయండి.
2. యతి, ప్రాసలు పద్యాన్ని గుర్తుంచుకోవడానికి ఎలా తోడ్పడతాయి?
3. పెద్దన గండపెండేరం కథకూ, జాషువాకు జరిగిన సన్మానానికీ గల పోలికలు, భేదాలు ఏవి?
4. ‘సభ ఎలాంటిదన్నది అందులో కూర్చున్నవారిని బట్టి ఉంటుంది.’ ఈ మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.
5. మీ ప్రాంతంలోని మరొక భాషలో జరిగే కవుల సభను గురించి తెలుసుకొని పది వాక్యాలు రాయండి.

చేయండి

మీ తరగతిలో ఒక కవి సమ్మేళనం జరపండి. ఒకరిని అధ్యక్షునిగా ఎన్నుకోండి. ప్రతి ఒక్కరు మీ ఊరి వాన, మీ వీధి, మీ ఇంటి పెద్దలు, వీటిలో ఒకదాని మీద స్వయంగా రాసిన ఎనిమిది పంక్తులు చదవండి. ఒకరు చదివాక మరొకరు తాము విన్నదాన్ని రెండు వాక్యాల్లో చెప్పండి.